టైల్స్ సంగతి తరువాత, ముందు కడ్డీ బిగించండి

స్నానాల గదిని కొత్తగా చేయించాలనుకోగానే చాలామంది నేరుగా టైల్స్ దుకాణానికి వెళతారు. అద్దంలా మెరిసే రకాన్ని ఎంచుకుంటారు. ఆపైన కొన్ని వారాలు ఇల్లంతా సుత్తి దెబ్బలు, సిమెంటు దుమ్ము. చివరకు మిగిలేది సబ్బునీరు పడితే కాలు నిలవని నేల. ఇంట్లో అరవై దాటినవారుంటే ఈ ఖర్చు దండగే కాదు, ప్రమాదం కూడా అని నా అభిప్రాయం.

తుంటి ఎముక విరిగి ఆసుపత్రికి వచ్చిన వృద్ధులను ఎలా పడ్డారని అడిగితే, "బాత్రూంలో జారాను డాక్టరుగారూ" అన్న మాటే నేను ఎక్కువగా విన్నాను. పడబోతూ టవల్ రాడ్ పట్టుకున్నామని, అది ఊడి చేతికొచ్చిందని కొందరు చెప్పేవారు. అది తువ్వాలు మోసేదే గాని మనిషిని మోసేది కాదు. తుంటి విరిగితే ఆపరేషనుతో అంతా ముగియదు. మంచాన పడినవారికి న్యుమోనియా రావచ్చు, వీపున పుండ్లు పడవచ్చు, కాలి సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు. బాగా తిరుగుతుండే మనిషి కూడా ఆ తరువాత ఒకరి సాయం లేనిదే నడవలేకపోవచ్చు.

కనుక కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి స్టీలు కడ్డీలు బిగించండి. దుకాణంలో గ్రాబ్ బార్ అని అడగండి. రబ్బరు కప్పులతో గోడకు అతుక్కునేవి వద్దు. స్క్రూలు గోడలోకి దిగాలి. ఇది ఒక పూట పని. బిగించాక ఇంట్లో బరువైన మనిషి చేత గట్టిగా లాగించి చూడండి. మోకాళ్ల నొప్పులున్నవారికి కమోడ్‌పై అమర్చే ఎత్తు సీటు కూడా దొరుకుతుంది.

రాత్రి సంగతి వేరుగా చెప్పాలి. రక్తపోటుకో, ప్రోస్టేటుకో మందులు వాడేవారిలో కొందరికి పడక మీది నుంచి చప్పున లేస్తే రక్తపోటు తగ్గి కళ్లు తిరుగుతాయి. మూత్రానికి లేచేదీ అప్పుడే, చీకట్లోనే. మంచం అంచున కాసేపు కూర్చుని లేవాలి. దారిలో, మనిషి కదలికకు వెలిగే చిన్న దీపం ఉండాలి. ప్లగ్గులో పెట్టే రకానికి ఎలక్ట్రీషియన్ కూడా అక్కరలేదు. గుమ్మం ముందు పాత చీర మడిచి వేసే అలవాటు మాత్రం మానండి. కాలి కింద ముందు జారేది అదే.

తలుపు లోపలికి తెరుచుకునేదైతే, పడినవారే దానికి అడ్డమవుతారు. వడ్రంగిని పిలిచి బయటికి తెరుచుకునేలా మార్పించండి. బయటినుంచి తీయగల గడియ పెట్టించండి.

పెద్దలు వీటికి ఒక పట్టాన ఒప్పుకోరు. "నేనేం ముసలివాణ్ణా?" అని నేనూ అన్నాను. మా ఆవిడ నా మాట పట్టించుకోకుండా మనిషిని పిలిపించింది. ఇప్పుడు నాకు తెలియకుండానే నా చెయ్యి ఆ కడ్డీ మీదికి వెళుతోంది.