రాకెట్ ఎవరి చేతికి కొంటున్నారు?

ఉద్యోగంలో చేరిన కొత్తలో రేపల్లెలో ఉండేవాణ్ని. అక్కడ మోచేయి నొప్పి అంటూ ఎవరైనా వస్తే అది కొడవలి పట్టిన చెయ్యో, తాపీ పట్టిన చెయ్యో, బకెట్ల కొద్దీ బట్టలు పిండిన చెయ్యో అయ్యేది. ఇప్పుడు తెనాలిలో ఓపీలో కూర్చుంటే అదే నొప్పితో బ్యాంకు ఉద్యోగులు, టీచర్లు, షాపుల యజమానులు వస్తున్నారు. బరువు పనులేమీ చేయమంటారు. పొద్దున్నే ఏమైనా ఆడతారా అని అడిగితే మాత్రం కాస్త నవ్వి, ‘షటిల్ అండీ’ అంటారు.

నిజానికి నాకు సంతోషమే. బీపీ, షుగర్ మందులు రాసి రాసి విసిగిపోయిన వైద్యుడికి, నలభై దాటిన మనిషి చెమట పట్టేలా ఆడుతున్నాడన్న మాట కంటే ఏం కావాలి? అందుకే ఆట మానెయ్యమని ఎవరికీ చెప్పను. నా పేచీ ఆటతో కాదు, చేతిలో ఉన్న రాకెట్‌తో.

మొన్నామధ్య ఒక బ్యాంకు ఉద్యోగి వచ్చారు. 46 ఏళ్లు. “కొత్త రాకెట్ కొని నెలైంది సార్. ఆట పెరగలేదు సరికదా, పొద్దున టీ గ్లాసు ఎత్తాలన్నా మోచేయి లాగేస్తోంది. నరం పట్టేసిందేమో, ఏదైనా ఇంజెక్షన్ వెయ్యండి” అన్నారు. మర్నాడు వచ్చేటప్పుడు ఆ రాకెట్ తీసుకురమ్మన్నాను. పాత మందుల చీటీలు తెమ్మనే డాక్టర్లను చూశారు గానీ, రాకెట్ తెమ్మన్న డాక్టర్ని ఎప్పుడూ చూసి ఉండరు. మొత్తానికి తెచ్చారు. షాఫ్ట్ ‘ఎక్స్‌ట్రా స్టిఫ్’. తల బరువు. గట్టింగ్ 28 పౌండ్లు. ఇదే ఎందుకు తీసుకున్నారని అడిగితే ఒక అంతర్జాతీయ ఆటగాడి పేరు చెప్పి, ఆయన వాడేది ఇదేనట సార్ అన్నారు, ఆ నొప్పిలో కూడా కాస్త గర్వంగా.

కళ్లజోడు కొనేటప్పుడు పక్కింటాయన పవర్ ఎంతో అడిగి కొనం. చెప్పులు కొనేటప్పుడు సినిమా హీరో సైజు అడగం. రాకెట్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం పోస్టర్ మీద బొమ్మ చూసి కొనేస్తాం.

ఈ మోజు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు. ఇంకొల్లు దగ్గరి నాగండ్లలో పుట్టిన పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచారు. మన గుంటూరు కిడాంబి శ్రీకాంత్ 2017లో ఒకే ఏడాది నాలుగు సూపర్ సిరీస్ టైటిళ్లు గెలిచి, 2018 ఏప్రిల్‌లో ప్రపంచ నంబర్ వన్ అయ్యారు. అమలాపురం సాత్విక్ సాయిరాజ్ స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగంతో 2023లో గిన్నిస్ రికార్డుకెక్కింది. ఇంత దగ్గరి ఊళ్ల వాళ్లు అంత ఎత్తుకు వెళ్తే, వాళ్ల చేతిలోని రాకెట్ మన చేతిలోనూ ఉండాలనిపించడం సహజం. కానీ ఆ రాకెట్ వెనక చిన్నప్పటి నుంచి రోజూ గంటల తరబడి చేసిన సాధన ఉంది, ఆ భుజాన్ని కనిపెట్టుకుని ఉండే ఫిజియోలు ఉన్నారు. అన్నీ ఉన్నా గోపీచంద్ మోకాలి ఆపరేషన్లు దాటుకునే ఆ టైటిల్ దాకా వెళ్లారు. మనకున్నది పొద్దున ఒక గంట, ఆ తర్వాత ఆఫీసు కుర్చీ.

షాఫ్ట్ అంటే రాకెట్ పిడికీ తలకీ మధ్య ఉండే సన్నటి పుల్ల. చెయ్యి వెనక్కి తీసి ముందుకు ఊపినప్పుడు అది కొంచెం వంగి, షటిల్ తగిలే సమయానికి మళ్లీ నిటారవుతుంది. ఆ విరుపులోంచి షటిల్‌కు అదనపు వేగం వస్తుంది. మణికట్టు మెరుపులా తిరిగే ఆటగాడికి గట్టి షాఫ్ట్ కావాలి. లేకపోతే అతని ఊపుకు పుల్ల మరీ ఎక్కువ వంగి గురి తప్పుతుంది. మనలాంటి వాళ్ల ఊపు నిదానం. ఆ ఊపుకు గట్టి షాఫ్ట్ వంగనే వంగదు. షటిల్ సగం కోర్టులోనే పడుతుంది. బలం చాలలేదనుకుని ఇంకా గట్టిగా పిడికిలి బిగించి బాదుతాం. పుల్ల చేయాల్సిన పని మోచేయి, భుజం చేస్తాయి. నెల తిరక్కుండా నా దగ్గరికి వస్తారు.

నా మిత్రుడొకడు విశాఖ ఈస్ట్ పాయింట్ క్లబ్బులో గోల్ఫ్ ఆడతాడు. బంతిని అందరికంటే దూరం కొట్టే పెద్ద కర్రను వాళ్లు డ్రైవర్ అంటారు. దాని షాఫ్ట్‌లోనూ సీనియర్, రెగ్యులర్, స్టిఫ్ అని రకాలున్నాయట. మనిషి ఊపు ఎంత వేగమో కొలిచి, దానికి తగ్గది ఎంచుకుంటారట. అక్కడ కూడా ఒకటే చిక్కు: ‘సీనియర్’ అని రాసున్న కర్ర కొనడానికి మగవాళ్ల అహం ఒప్పుకోదు! మన షటిల్‌లో ఆ కొలిచేవాళ్లు కూడా లేరు. కాబట్టి మీరే ఒక పరీక్ష చేసుకోండి. కోర్టు వెనక గీత దగ్గర నిలబడి, ఒళ్లు విరుచుకోకుండా తల మీదుగా షటిల్ కొట్టండి. అవతలి వెనక గీత దాకా తేలిగ్గా వెళ్లిందా? మీకు మీడియం షాఫ్ట్ సరిపోతుంది. వెళ్లలేదా? ఫ్లెక్సిబుల్ తీసుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు.

గట్టింగ్ సంగతి ఇంకా ముఖ్యం. ఎన్ని పౌండ్లు ఎక్కువ బిగిస్తే అంత గొప్ప ఆటగాడని మన కోర్టుల్లో ఒక నమ్మకం ఉంది. నిజం తిరగేసి ఉంటుంది. తీగ వదులుగా ఉంటే షటిల్‌ను అదే విసురుతుంది, మధ్యలో కాకుండా కాస్త పక్కన తగిలినా పనవుతుంది, చేతికి వచ్చే అదురు తగ్గుతుంది. బిగించేకొద్దీ అదురు పెరుగుతుంది. 40 దాటి, వారానికి మూడు నాలుగు రోజులు ఆడేవాళ్లకు 20 నుంచి 23 పౌండ్లు చాలు. బరువు కూడా చూడండి. రాకెట్ మీద 3యు అని ఉంటే 85 నుంచి 89 గ్రాములు, 4యు అంటే 80 నుంచి 84, 5యు అంటే 75 నుంచి 79. అయిదు గ్రాముల తేడాకేముంది అనిపిస్తుంది గానీ, ఒక గంట ఆటలో ఆ చెయ్యి ఎన్ని వందల సార్లు లేస్తుందో లెక్కేసుకోండి. అవతల కొట్టాల్సిన షటిల్ బరువే అయిదు గ్రాములు! మా నాన్నగారి తరం వాళ్లు పసుపు ఉన్ని బంతితో బాల్ బ్యాడ్మింటన్ ఆడారు. దాని బ్యాటు బరువు రెట్టింపు ఉంటుంది. ఆ తరం పెద్దలకు 5యు రాకెట్ చేతికిస్తే ‘ఇదేం బొమ్మయ్యా’ అంటారు. ఆ బొమ్మే వాళ్లకు కావాల్సింది.

నేనేమీ తక్కువ తినలేదు. మూడేళ్ల కిందట ఎనిమిది వేలు పోసి ఒక గట్టి రాకెట్ కొన్నాను. షాపతను 27 పౌండ్లు బిగిస్తానంటే, ఎమ్డీ చదివిన నేను బుద్ధిగా తలూపాను. ఆరు వారాల్లో స్టెతస్కోప్ పట్టుకున్నా మోచేయి సలిపేది. ఇప్పుడది అటక మీద ఉంది. రెండున్నర వేల గ్రాఫైట్ రాకెట్‌తో ఆడుతున్నాను. అదే వయసు, అదే చెయ్యి, నొప్పి లేదు. ఆట కూడా అదేలెండి.

మరో మాట మన వాతావరణం గురించి. మన డెల్టా ఉక్కపోతలో పది నిమిషాలకే అరచెయ్యి తడిసిపోతుంది. రాకెట్ జారుతుందేమోనన్న భయంతో తెలియకుండానే పిడికిలి బిగిస్తాం. రోజంతా బిగిసిన ఆ పట్టే మోచేతికి అసలు శత్రువు. గ్రిప్పు నల్లబడి నున్నగా అయ్యేదాకా వాడకండి. వంద రూపాయల లోపు వచ్చే గ్రిప్పును తరచూ మార్చండి, జేబులో చేతిరుమాలు ఉంచుకోండి.

ఇక ఆ నొప్పి గురించి. టెన్నిస్ ఎల్బో అని పేరే గానీ, వచ్చేవాళ్లలో ఎక్కువ మంది టెన్నిస్ మొహం చూసుండరు. మణికట్టును పైకి లేపే కండరాలు మోచేయి బయటి ఎముకకు అతుక్కునే చోట టెండన్ దెబ్బతినడం వల్ల వస్తుంది. నరం పట్టేయడం కాదు. చెయ్యి చాచి, అరచెయ్యి కిందికి ఉంచి, కుర్చీని వీపు పట్టుకుని ఎత్తి చూడండి. మోచేయి బయటివైపు సుర్రుమంటే చాలావరకు అదే. ఇంజెక్షన్ వెయ్యమని అందరూ అడుగుతారు. స్టెరాయిడ్ వేస్తే మొదటి నెలన్నర హాయిగానే ఉంటుంది. ఏడాది తర్వాత చూస్తే, వేయించుకోనివాళ్లే మెరుగ్గా ఉన్నారని పరిశోధనల్లో తేలింది. పైగా షుగర్ ఉన్నవాళ్లకు కొన్ని రోజులు షుగర్ ఎగబాకుతుంది. అందుకే నేను నీళ్ల సీసా రాస్తాను. అర లీటరు సీసా పట్టుకుని, ముంజేతిని బల్ల మీద ఆనించి, అరచెయ్యి కిందికి ఉంచండి. రెండో చేత్తో మణికట్టును పైకి లేపి, ఆ తర్వాత మెల్లగా, చాలా మెల్లగా దించండి. పదిహేను సార్లు, మూడు విడతలు, రోజూ. రెండు మూడు నెలలు పడుతుంది. ఓపిక లేనివాళ్లకు నా దగ్గర వేరే మందు లేదు.

అయితే చేతి నొప్పంతా రాకెట్ మీద తోసెయ్యకూడదని బాపట్లలో ఉన్నప్పుడు నేర్చుకున్నాను. 52 ఏళ్ల మనిషి, కుడిచేతి వాటం. మూడో గేముకు వచ్చేసరికి కుడి భుజం నుంచి మోచేతి దాకా బరువెక్కుతోందని రెండు నెలల్లో రెండు రాకెట్లు మార్చారు. భుజం నొక్కి చూశాను, మోచేయి నొక్కి చూశాను, ఎక్కడా నొప్పి లేదు. కుర్చీ ఎత్తమంటే సునాయాసంగా ఎత్తారు. ఆట ఆపి బెంచీ మీద కూర్చుంటే ఏమవుతుందని అడిగాను. “అయిదు నిమిషాల్లో పోతుంది సార్. అప్పుడప్పుడు దవడ కూడా లాగుతుంది” అన్నారు. ఈసీజీ మామూలుగానే ఉంది. అయినా గుంటూరు పంపాం. యాంజియోగ్రామ్‌లో రెండు రక్తనాళాలు పూడుకుపోయి కనిపించాయి, స్టెంట్లు వేశారు. గుండె నొప్పి ఎడమ చేతికే రావాలని రూలేమీ లేదు. నొక్కితే, ఎత్తితే, మెలిపెడితే వచ్చే నొప్పి చేతిది. పరిగెత్తితే వచ్చి, కూర్చుంటే పోయే నొప్పికి మాత్రం షాపుకు కాదు, ఆసుపత్రికి వెళ్లండి. 40 దాటి కొత్తగా ఆట మొదలుపెట్టేవాళ్లు రాకెట్ కొనే ముందే బీపీ, షుగర్ చూపించుకోవాలి. మా గవర్నమెంటు ఆసుపత్రుల్లో అదేమీ ఖర్చు కాదు.

రాకెట్ మీద మిగిలిన డబ్బు బూట్ల మీద పెట్టండి. పొద్దున వాకింగ్‌కు వేసుకునే ఎత్తు మడమ బూట్లతో కోర్టులో పక్కకి దూకితే చీలమండ మెలిక పడుతుంది. కోర్టు కోసం చేసిన, అడుగు చదునుగా ఉండే బూట్లు వేరే ఉంటాయి. పిల్లలకు కూడా ‘పెద్దయ్యాక పనికొస్తుంది’ అంటూ బరువు రాకెట్ కొనకండి.

మన ఊళ్లలోని ఇండోర్ కోర్టుల నిర్వాహకులను ఒకటి అడగాలనుంది. గంటకింత అని అద్దె తీసుకుంటున్నారు కదా, ఫ్లెక్సిబుల్ ఒకటి, మీడియం ఒకటి, స్టిఫ్ ఒకటి మూడు రాకెట్లు కౌంటర్ దగ్గర ఉంచితే ఏం పోతుంది? వారం రోజులు ఆడి చూసి, చేతికి నచ్చింది కొనుక్కుంటారు.

బ్యాంకు ఉద్యోగి గారు రెండున్నర నెలల తర్వాత మళ్లీ కనిపించారు, ఓపీలో కాదు, కోర్టులో. చేతిలో ఫ్లెక్సిబుల్ రాకెట్, గట్టింగ్ 21 పౌండ్లు. పాతది ఏం చేశారంటే, ఇంటర్ చదివే కొడుకు పట్టుకుపోయాడట. ఆ అబ్బాయికి ఎన్ని పౌండ్లు బిగించారని అడిగాను. ఆయన మాట మార్చి, “సర్వీస్ మీదే సార్” అన్నారు.