కారు ఎప్పుడు ఆగింది?

నెక్కొండలాంటి ఊళ్లో కారున్న ఇంటికి అది షోకు కాదు, అవసరం. బజారు పనికి నర్సంపేట వెళ్లాలన్నా, పెద్దవాళ్లను వరంగల్‌ ఆసుపత్రిలో చూపించాలన్నా, రాత్రి రైలు దిగిన పిల్లల్ని స్టేషన్‌ నుంచి ఇంటికి చేర్చాలన్నా అదే దిక్కు. అలాంటి బండి ఊరు దాటగానే ఠక్కున ఆగిపోతే? తాళం తిప్పితే స్టార్టయి, రెండు కిలోమీటర్లు పోయాక మళ్లీ మొరాయిస్తే? ఇంటిల్లిపాదికీ గాభరానే. షెడ్డుకు తీసుకెళ్తే మాత్రం ఏమీ ఎరగనట్టు చక్కగా నడుస్తుంది. మెకానిక్‌ ప్లగ్గులు మారుస్తాడు. వారం తిరక్కుండా మళ్లీ అదే కథ. ఈసారి కాయిల్‌, ఆ తర్వాత పెట్రోలు పంపు. జేబు ఖాళీ అవుతుందే కానీ జబ్బు పోదు.

'బండి ఆగిపోతోంది' అనడం 'జ్వరమొస్తోంది' అనడం లాంటిదే. అంతమాత్రం వినగానే డాక్టరు మందు రాయడు. పొద్దున వస్తోందా, సాయంత్రమా, చలి ఉందా అని అడుగుతాడు. ఇంజిన్‌ విషయమూ అంతే. పెట్రోలు ఇంజిన్‌కు గాలి, ఇంధనం, నిప్పురవ్వ సరైన పాళ్లలో, సరైన సమయానికి అందాలి. డీజిల్‌ ఇంజిన్‌కు నిప్పురవ్వ అక్కర్లేదు, మిగతా రెండూ కావాలి. వీటిలో ఏది తప్పిందో తెలియాలంటే ముందు తేల్చుకోవాల్సింది... ఎప్పుడు ఆగింది? ఆ సంగతి బండి నడిపేవాళ్లకే తెలుస్తుంది.

సిగ్నల్‌ దగ్గరో, స్పీడ్‌బ్రేకర్‌ దగ్గరో యాక్సిలరేటర్‌ మీంచి కాలు తీయగానే ఆగుతోందా? ఏసీ వేస్తే ఇంకా ఎక్కువవుతోందా? అయితే ముందు చూడాల్సింది గాలి దారి. థ్రాటిల్‌ బాడీలో మసి పేరుకుంటే ఐడిలింగ్‌కు కావాల్సినంత గాలి అందదు. దానికోసం దొరికే క్లీనర్‌తో శుభ్రం చేయిస్తే చాలాసార్లు కొత్త సామానే అక్కర్లేదు. పత్తి, మిరప పొలాల మధ్య మట్టిరోడ్ల మీద తిరిగే బండికి ఎయిర్‌ ఫిల్టర్‌ కూడా తొందరగా మూసుకుపోతుంది. బానెట్‌ ఎత్తితే 'స్‌స్‌'మని శబ్దం వస్తుంటే ఎక్కడో రబ్బరు గొట్టం పగిలిందని అనుమానించాలి. ధాన్యం నిల్వచేసే చోట ఆపే బండ్లలో ఎలుకలు వైర్లు కొరికాయేమో చూడటమూ మరిచిపోవద్దు. అన్నట్టు, కొన్ని కొత్త కార్లు పెట్రోలు ఆదాకోసం సిగ్నల్‌ దగ్గర వాటంతట అవే ఆగి, క్లచ్‌ నొక్కగానో బ్రేకు వదలగానో స్టార్టవుతాయి. అది జబ్బు కాదు.

బాగా వేడెక్కాక ఆగి, ఓ ఇరవై నిమిషాలు చల్లారాక మామూలుగా స్టార్టవుతోందా? క్రాంక్‌ సెన్సర్‌ మీదా, పెట్రోలు పంపు మీదా కన్నేయాలి. ఎత్తు ఎక్కేటప్పుడో, ముందున్న లారీని దాటేటప్పుడో గుంజుతూ ఆగితే ఇంధనం చాలడం లేదని అర్థం. అప్పుడు ఫిల్టర్‌, పంపు ఒత్తిడి చూడాలి. డీజిల్‌ బండయితే ఫిల్టర్‌లో నీళ్లు చేరాయేమో చూసి తీయించాలి. ట్యాంకు నింపిన మర్నాడే మొదలైతే ఆ ఇంధనాన్నే పరీక్షించాలి. ఇప్పటి పెట్రోలులో కలిసే ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణముంది. నెలల తరబడి కదలని బండిలో ఇది ఇబ్బందే. ఇక స్విచ్‌ ఆపినట్టు లైట్లతో సహా అన్నీ పోతే బ్యాటరీ టెర్మినళ్లు, ఎర్త్‌ వైరు వదులయ్యాయేమో ముందు చూడాలి. ఇంజిన్‌ నడుస్తుండగా బ్యాటరీ దగ్గర సుమారు 13.5 నుంచి 14.5 వోల్టులు ఉండాలి. అంతకంటే బాగా తగ్గితే ఆల్టర్నేటర్‌ సంగతి చూడాలి.

డ్యాష్‌బోర్డులో ఇంజిన్‌ బొమ్మ దీపం వెలుగుతుంటే స్కానర్‌ పెట్టించి, వచ్చిన కోడ్‌ను చెరిపేయకముందే రాసుకోవాలి. అయితే కోడ్‌ అంటే మార్చాల్సిన సామాను పేరు కాదు. ఆక్సిజన్‌ సెన్సర్‌ పేరు వచ్చినా అసలు తప్పు పగిలిన గొట్టానిది కావచ్చు. పరీక్షించాకే మార్చమనడం, మార్చిన పాత సామాను చూపించమనడం బండి యజమాని హక్కు.

ఒక్క సందర్భంలో మాత్రం పరీక్షలేవీ వద్దు, తాళమే ముట్టుకోవద్దు. అది నీళ్లలో ఆగినప్పుడు. 2024 ఆగస్టు 31 రాత్రి కురిసిన కుండపోతకు నెక్కొండ మండలం వెంకటాపురం దగ్గర ఆర్టీసీ బస్సే వరదలో చిక్కుకుంది. ప్రయాణికులు రాత్రంతా అందులోనే గడపాల్సి వచ్చింది. బస్సుకే దారి లేని చోట కారెంత? నీళ్లు పారుతున్న రోడ్డు మీదికి అసలు దిగకూడదు. ఒకవేళ నిలిచిన నీళ్లలో బండి ఆగితే మళ్లీ స్టార్ట్‌ చేయకూడదు. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్లు నలగవు. సిలిండర్‌లోకి నీరు చేరాక తాళం తిప్పితే కనెక్టింగ్‌ రాడ్లు వంగిపోతాయి, వేలల్లో పోయే ఖర్చు లక్షకు చేరొచ్చు. మామూలు బీమా పాలసీలో ఇలాంటి నష్టం సాధారణంగా రాదు. ఇంజిన్‌ రక్షణ కోసం విడిగా తీసుకున్న కవర్‌ ఉందో లేదో వానాకాలానికి ముందే చూసుకోవాలి.

నడుస్తుండగా ఆగితే స్టీరింగ్‌ బరువెక్కుతుంది. బ్రేకు ఒకట్రెండు సార్లకు మించి మెత్తగా పడదు. అందుకే మాటిమాటికీ తొక్కకుండా ఒకే పట్టున నొక్కి, హజార్డ్‌ లైట్లు వేసి పక్కకు తీయాలి. బండి ఇంకా కదులుతుండగా తాళం మాత్రం బయటికి లాగొద్దు, స్టీరింగ్‌ బిగుసుకుపోతుంది. రైలు గేటు మధ్యలో ఆగితే ముందు మనుషుల్ని దించి పట్టాలకు దూరంగా పంపాలి, వెంటనే గేట్‌మన్‌కు చెప్పాలి. బండి సంగతి ఆ తర్వాతే.

డ్యాష్‌బోర్డు అరలో చిన్న నోటుబుక్కు, పెన్ను ఉంచండి. బండి ఆగిన ప్రతిసారీ తేదీ, ఎంత దూరం నడిచాక ఆగింది, ఏసీ ఉందా లేదా, ఏ దీపాలు వెలిగాయి, ఎంతసేపటికి స్టార్టయింది... ఈ అయిదు ముక్కలు రాయండి. షెడ్డుకు వెళ్లినప్పుడు తాళంతో పాటు ఆ పుస్తకమూ మెకానిక్‌ చేతిలో పెట్టండి.