ఆ గడిలో ఎవరి పేరు?
ఢిల్లీలో సాకేత్ మెట్రో స్టేషన్ దగ్గర సైదులాజాబ్ సందుల్లో ఒక పీజీ హాస్టల్ రిజిస్టర్ చూశాను. పేరు తర్వాతి గడి ‘తండ్రి/భర్త పేరు’. చేరడానికొచ్చిన మన గుంటూరు అమ్మాయికి ముప్పై రెండేళ్లు, సొంత ఉద్యోగం. ఆ గడి దగ్గర ఆమె పెన్ను ఒక్క క్షణం ఆగింది. పెళ్లికాని ఆడవాళ్ల మాటొస్తే అందరూ స్వేచ్ఛా, విచ్చలవిడితనమా అని వాదులాడతారు. నన్ను బాధపెట్టేది ఆ గడి, దానికి తోడు మన భాష. ఆమెకు మనం పెట్టిన పేరు ‘ఒంటరి మహిళ’. తెలంగాణ ప్రభుత్వం 2017లో ఆ పేరుతోనే పింఛను మొదలుపెట్టింది. పేదింటి స్త్రీకి అది నిజమైన ఆసరా. కానీ భర్త వదిలేసినామె, పెళ్లే వద్దనుకున్నామె, నచ్చినవాడితో సహజీవనం చేస్తున్నామె, ఇంకో స్త్రీని ప్రేమించినామె, శృంగారం ఊసే అక్కర్లేదనుకున్నామె అందరూ ఆ ఒక్క మాటలో ఎలా ఇముడుతారు? మన భాష ఇలా ఉన్నా, చట్టం ముందుకు కదిలింది. ఢిల్లీలో ఉంటున్న పాతికేళ్ల అవివాహిత పోరాడితే, 20 నుంచి 24 వారాల గర్భస్రావానికి చట్టమిచ్చిన వెసులుబాటులో పెళ్లయిందా లేదా అన్న తేడా చెల్లదని 2022 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు తేల్చింది. ఆమె దేహం ఆమెదేనని న్యాయస్థానం ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది ఇక మనమే. మీ ఇంట్లో పెళ్లికాని అమ్మాయి ఉంటే, ‘పెళ్లెప్పుడు’ అనకండి. ‘ఎలా ఉన్నావమ్మా’ అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా వినండి.