మూసిన దుకాణంలో సరుకు వద్దు

పల్లెల్లో పెళ్లి, గంగ జాతర వీడియోలు ఎడిటింగ్ చేసేవారికి చేయి తిరిగిన పాత సాఫ్ట్‌వేర్ మీదే మక్కువ ఉండడం సహజం. అయితే విండోస్ మూవీ మేకర్‌ను మైక్రోసాఫ్ట్ 2017 జనవరి 10న నిలిపివేసింది. అదే ఏడాది నవంబరులో ఆ పేరుతోనే నడుస్తున్న నకిలీ సైట్‌ను ఈసెట్ సంస్థ బయటపెట్టింది. గూగుల్‌లో వెతికితే ముందు అదే కనిపించేది. వీడియో అంతా పూర్తి చేసి దాచబోతే 29.95 డాలర్లు కట్టమనేది. అసలుది మాత్రం ఒకప్పుడు ఉచితమే!

యజమాని మూసిన దుకాణాన్ని వేరొకడు తెరిచి కూర్చుంటే సరుకును నమ్మేదెలా? ఇలాంటి సైట్ల నుంచి వైరస్ చొరబడితే బ్యాంకు పాస్‌వర్డులతో పాటు పెళ్లివారి వీడియోలూ పోతాయి. డబ్బు మళ్లీ సంపాదించవచ్చు, ముహూర్తం తిరిగి రాదు. విండోస్ 11లో క్లిప్‌చాంప్ ఉచితంగానే ఉంది. కుర్రకారు కొత్తది నేర్చుకోవడం మేలు. మోసపోయినవారు సిగ్గుపడక వెంటనే 1930కి ఫోన్ చేయాలి.