వయసు జబ్బు పేరు కాదు

"ఈ వయసులో ఇంతేనండి. పీచు ఎక్కువ తినండి, రాత్రి ఒక చెంచా చూర్ణం వేసుకోండి." అరవై దాటినవాళ్లు మోషన్ సరిగ్గా కావడం లేదని చెబితే ఇంట్లోనూ, మందుల షాపులోనూ, చాలాసార్లు క్లినిక్కులోనూ వినిపించే జవాబు ఇదే. ఇది తప్పు జవాబు. ఐబీఎస్‌తో, అంటే ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్‌తో ఏళ్ల తరబడి వేగుతూ వృద్ధాప్యంలోకి వచ్చినవాళ్లకైతే హాని కూడా చేస్తుంది.

మామూలు మలబద్ధకానికీ ఐబీఎస్ మలబద్ధకానికీ అసలు తేడా నొప్పిలో ఉంది. 2016లో వచ్చిన రోమ్-4 ప్రమాణాల ప్రకారం, గత మూడు నెలల్లో సగటున వారానికి ఒక్కరోజైనా కడుపునొప్పి ఉండాలి. మలవిసర్జన, అది ఎన్నిసార్లు అవుతుందన్న దానిలో మార్పు, మలం తీరులో మార్పు, ఈ మూడింటిలో కనీసం రెండింటితో ఆ నొప్పికి సంబంధం ఉండాలి. ఇలాంటి కడుపుకి గోధుమ పొట్టు పెడితే ఉబ్బరం, నొప్పి పెరగవచ్చు. పీచు అంతా ఒకటి కాదు. నీళ్లలో నాని జిగురుగా మారే ఇసబ్‌గోల్ చాలామందికి నయం. అదైనా చిన్న చెంచాతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచాలి, గ్లాసు నిండా నీళ్లతో తాగాలి, తాగిన వెంటనే పడుకోకూడదు. మింగడం కష్టమైనవాళ్లు దాని జోలికే పోకూడదు. లాక్టులోజ్ సిరప్ కూడా కొందరికి గ్యాస్ పెంచుతుంది. నీళ్లలో కలుపుకొనే పాలీ ఇథిలీన్ గ్లైకాల్ పొడితో మోషన్ మెత్తబడుతుంది గానీ ఐబీఎస్ నొప్పి తగ్గుతుందన్న భరోసా లేదు. నొప్పికి వేరే వైద్యం అడగాలి.

ఇక రాత్రి చూర్ణం సంగతి. ఇలాంటి చూర్ణాల్లో చాలావాటికి బలం సునాముఖి ఆకు. అది పెద్దపేగును గట్టిగా కదిలిస్తుంది, మెలిపెట్టే నొప్పి తేవచ్చు. తెల్లారేసరికి పెద్దపేగు చాలావరకు ఖాళీ కావచ్చు. మళ్లీ నిండడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది, ఈలోగా మోషన్ రాదు. అది సహజం. కానీ "ఈరోజు కాలేదు" అన్న దిగులుతో మరో చెంచా వేసుకుంటారు. రోజూ కావాలన్న నియమం ఎక్కడా లేదు. రోజుకు మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల వరకూ మామూలే. లెక్కపెట్టాల్సింది రోజులను కాదు. మేక పెంటికల్లా ఉండలు కట్టి వస్తోందా, మెత్తగా వస్తోందా అన్నది చూడాలి.

వయసుతో పేగు మందగించదా అని అడుగుతారు. కొంత మందగించవచ్చు. కానీ అంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది వయసుతోపాటు ఇంట్లో చేరే మందుల డబ్బా. అందులో ఐరన్ మాత్రలుంటాయి, క్యాల్షియం ఉంటుంది, మోకాళ్ల నొప్పికి ట్రమడాల్ ఉంటుంది, మూత్రం ఆపుకోలేకపోతే వాడే ఆక్సీబ్యూటినిన్ ఉంటుంది, బీపీకి వెరపమిల్ ఉంటుంది. ఇవన్నీ మలాన్ని బిగబట్టగలవి. ఒక్కో మాత్ర ఒక్కో డాక్టరు రాసింది. అన్నిటినీ ఒకచోట పరిచి చూసినవాళ్లు లేరు. థైరాయిడ్ తగ్గడం, షుగర్, పార్కిన్సన్స్ కూడా ఇదే పని చేస్తాయి. కొందరిలో ముక్కేటప్పుడు వదులు కావాల్సిన మలద్వారం కండరం బిగుసుకుంటుంది. వాళ్లకు ఎన్ని పొడులు పోసినా పెద్దగా లాభం ఉండదు. బయోఫీడ్‌బ్యాక్, అంటే ఆ కండరాన్ని వదులు చేయడం నేర్పే శిక్షణ కావాలి. "వయసు" అనగానే ఈ వెతుకులాట అంతా ఆగిపోతుంది. నా అభ్యంతరం అక్కడే.

ఆగిపోతే ఏమవుతుందో చెబుతాను. గట్టిపడిన మలం లోపల అడ్డుపడి, దాని పక్కనుంచి పలచని ద్రవం కారుతుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలనుకుని ఆపే మాత్ర ఇస్తారు. అడ్డు మరింత బిగుస్తుంది. మంచానికి పరిమితమైన పెద్దవాళ్ల విషయంలో ఈ పొరపాటు ప్రాణం మీదికి తేవచ్చు.

ఐబీఎస్ అన్న పేరును కూడా తొందరపడి తగిలించకూడదు. అది సాధారణంగా యాభైలోపే మొదలవుతుంది. యాభై దాటాక కొత్తగా మోషన్ తీరు మారినా, రక్తం పడినా, బరువు తగ్గినా, రక్తహీనత కనిపించినా పెద్దపేగు క్యాన్సర్ లేదని తేల్చుకోవాలి. అందుకు కొలనోస్కోపీ అవసరం కావచ్చు.

ఇంట్లో చేయగలిగినవీ ఉన్నాయి. టిఫిన్ తిన్నాక పేగు సహజంగానే కదులుతుంది. ఆ వేళకు బాత్‌రూమ్ ఖాళీగా ఉంచాలి, తొందరపెట్టకూడదు. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేయాలి. రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు మానేసేవాళ్లకు పగలే తాగించాలి. గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు ఎంత తాగాలో డాక్టరే చెప్పాలి.

మీ అమ్మగారో మామగారో ఈ మాట ఎత్తినప్పుడు సిగ్గుపడనివ్వకండి. నొప్పి ఉందా, ఎప్పటినుంచి, ఏయే మాత్రలు వాడుతున్నారు అని అడగండి. ఆ డబ్బా మొత్తం పట్టుకుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ కూడా "వయసు" అన్న జవాబే వస్తే ఒప్పుకోకండి, కారణం అడగండి. డెబ్బై ఏళ్ల మనిషి కడుపునొప్పి ఇరవై ఏళ్ల మనిషి కడుపునొప్పి కంటే తక్కువది కాదు.