ఇల్లుంది, కాగితం లేదు: కేజీఎఫ్ లైన్లలో అసలు చిక్కు

2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం మన సైనైడ్ దిబ్బల మీద ఒక నిర్ణయం తీసుకుంది. 13 దిబ్బలు, సుమారు 1,003 ఎకరాలు. వాటిలో మిగిలిపోయిన బంగారం తీసేందుకు కేంద్రం పంపిన ప్రతిపాదనకు సరేనంది. గని మళ్ళీ తెరుస్తారట అని మనవాళ్ళు సంతోషపడ్డారు. పిల్లలకు నాలుగు ఉద్యోగాలు వస్తే ఎవరికి చేదు? కానీ ఆ దిబ్బలకు కూతవేటు దూరంలో లైన్లలో కాపురాలున్నాయి. వాటి మాట ఎవరూ ఎత్తడం లేదు.

ఈ ఇళ్ళు పనితో పాటు వచ్చినవి. 1880ల్లో జాన్ టేలర్ కంపెనీ తవ్వకాలు మొదలుపెట్టాక చిత్తూరు వైపు నుంచి, ఉత్తర ఆర్కాటు నుంచి కూలికి వచ్చినవాళ్ళను కంపెనీ లైన్లలో పెట్టింది. పనిలో ఉన్నంత కాలం ఇల్లు, పని పోతే ఇల్లు ఖాళీ. 1956లో గనులు మైసూరు ప్రభుత్వం చేతికి వచ్చాయి, 1962లో కేంద్రానికి వెళ్ళాయి, 1972లో బీజీఎంఎల్ ఏర్పడింది. యజమాని మారాడు గాని ఇంటి లెక్క మారలేదు. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడింది. పని పోయిందని ఇల్లు వదిలి ఎక్కడికి పోతారు? ఉండిపోయారు. పొద్దున్నే మారికుప్పం రైలెక్కి బెంగళూరులో పని చేసుకుని రాత్రికి ఆ గదికే చేరుతున్న మూడో తరం ఇప్పుడక్కడ ఉంది.

ఇక సర్కారు సాయం సంగతి. రోడ్డున పడుకునేవాళ్ళకు రాత్రి వసతి కేంద్రాలున్నాయి. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఉండాలని సుప్రీంకోర్టు చెప్పింది. 2011 లెక్కల్లోనే మన ఊరి జనాభా 1.6 లక్షలు దాటింది కనుక నగరసభను నిలదీసి అడగవచ్చు. అయితే లైన్లలో ఉన్నవాడు ఆ లెక్కలోకి రాడు, నెత్తిన కప్పుంది కదా!

పోనీ ప్రధానమంత్రి ఆవాస్ యోజనకు అర్జీ పెడదామంటే, సొంతంగా కట్టుకునేవాళ్ళకు కేంద్రం 1.5 లక్షలు ఇస్తుంది గాని స్థలం మన పేరున ఉండాలి. సర్కారు భూమిలో ఇల్లు వేసుకున్నవాళ్ళకు హక్కు పత్రం ఇచ్చే 94సీసీ నియమం రాష్ట్రంలో ఉంది. అది రెవెన్యూ భూమి సంగతి. లైన్ల భూమి కేంద్ర సంస్థ పేరున ఉన్నంత కాలం తహసీల్దారు చేయగలిగింది తక్కువ. అంటే వసతి కేంద్రం దగ్గర మనం ఇల్లున్నవాళ్ళం, ఆవాస్ అర్జీ దగ్గర ఇల్లు లేనివాళ్ళం. కాగితాల మధ్యే ఉద్యోగం ముగించినవాణ్ణి, ఇంత విచిత్రమైన లెక్క నేనెక్కడా చూడలేదు.

"ఇన్నేళ్ళు ఎవరూ కదిలించలేదు, ఇప్పుడేం చేస్తారు?" అనేవాళ్ళు మన సంఘంలోనూ ఉన్నారు. ఇన్నేళ్ళూ ఆ భూమి ఎవరికీ అక్కర్లేదు, అందుకే కదిలించలేదు. ఇప్పుడు అక్కర వచ్చింది. దిబ్బల పని ముందుకు సాగక ముందే కాపురాలున్న భూమిని సర్వే చేసి, బీజీఎంఎల్ నుంచి విడదీసి, రాష్ట్రానికి అప్పగించాలి. అప్పుడే హక్కు పత్రం, ఖాతా, ఆవాస్ సాయం వరుసగా దారికొస్తాయి. ఎన్నికలప్పుడు వచ్చే నాయకులను రోడ్డు, నీళ్ళతో పాటు ఈ మాట కూడా అడగాలి. తెలుగువాళ్ళం విడిగా అడిగితే సరిపోదు. పక్క లైనులోని తమిళ కుటుంబానిదీ ఇదే బాధ.

ఈలోగా ఎవరికైనా నోటీసు వస్తే భయపడి సంతకాలు పెట్టకండి, నోటీసును మూల పడేయకండి. కేంద్ర సంస్థల ఇళ్ళకు 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ చట్టం వర్తిస్తుంది. ముందు కారణం అడుగుతూ నోటీసు ఇవ్వాలి, మన జవాబు వినాలి. ఖాళీ చేయమని ఎస్టేట్ ఆఫీసర్ ఆర్డరు ఇస్తే జిల్లా జడ్జి దగ్గర అప్పీలుకు గడువు 12 రోజులే. లాయరుకు డబ్బు లేదని ఆగనక్కర్లేదు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయసేవల ప్రాధికారం ఉచితంగా లాయరును ఇస్తుంది. భర్త పోయి ఒంటరిగా ఉంటున్న అక్కలు, అమ్మలు లైన్లలో ఎందరో. వాళ్ళకు ఈ సంగతి ముందు చెప్పండి.

క్వార్టరు ఇచ్చిన పాత లెటరు, సర్వీసు పుస్తకం, వీఆర్‌ఎస్ కాగితం, గని ఆసుపత్రి చీటీ, ఏది దొరికినా దాచుకోండి. తాతగారి పేరు ఒకచోట ఒకలా, ఇంకోచోట ఇంకోలా ఉంటే ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ చేయించాలి. అర్జీ కన్నడలో రాస్తే ఆఫీసుల్లో పని తొందరగా కదులుతుంది. రాయడం రానివాళ్ళు ఆదివారం ఉదయం సంఘం గదికి వస్తే మేం రాసిపెడతాం. జిరాక్సులు రెండు సెట్లు తెచ్చుకోండి, అసలు కాగితాలు మాత్రం ఎవరి చేతికీ ఇవ్వకండి, మాక్కూడా.