బాయ్‌కాటును వెలియు నొకటి కావు

“బాయ్‌కాటు చేయుట” యను ఆంగ్లక్రియకు మనవారు “బహిష్కరించుట” యని యర్థము చెప్పుచున్నారు. ఇంతవరకు దోషము లేదు. కాని గ్రామములలో పేదలను వెలివేయు పెద్దలును తమ పనికి బహిష్కారమనియే పేరు పెట్టుకొని, “కూలివాడు పని మానుట న్యాయమైనచో మేము పని యీయకుండుట నేరమా?” యని ప్రశ్నించుచున్నారు. ఈ ప్రశ్నకు ఆ మాట పుట్టుకయే ప్రత్యుత్తరము.

1880వ సంవత్సరమున ఐర్లండులోని మేయో మండలమున లార్డ్ ఎర్న్ అను భూస్వామికి చార్లెస్ బాయ్‌కాట్ అను దొర ఏజెంటుగా నుండెను. పంటలు చెడినందున కౌలుదార్లు నూటికి 25 వంతుల కౌలు తగ్గింపు వేడిరి. భూస్వామి 10 వంతులకు మించి యొప్పుకొనలేదు. బాకీపడినవారిని వెళ్లగొట్టుటకు దొర నోటీసులు పంపెను. ఆ సెప్టెంబరు 19వ తేదీని ఎన్నిస్ పట్టణపు సభలో పార్నెల్, వెళ్లగొట్టబడిన రైతు భూమిని తీసికొనువానిని చంపుడని కేకలు వేసిన జనులను వారించి, వానితో మాటయు వ్యవహారమును మానుడని బోధించెను. ఆ పద్ధతి దొరపై ప్రయోగింపబడెను. పాలేర్లు పని మానిరి. అంగడివారు సరకు లమ్మరైరి. పంట కోయుటకు అల్‌స్టరునుండి 50 మంది, వారిని కాచుటకు సైన్యమును రావలసివచ్చెను. సుమారు 500 పౌనుల పంటకు 10,000 పౌనులు వ్యయమైనదని లెక్కకట్టిరి. ఆ సంవత్సరము ముగియకమునుపే దొర పేరు క్రియాపదమై పత్రికల కెక్కెను.

చదువరులారా! ఇక్కడ మానినదెవరు? ఎవరికి మానిరి? తమకున్న ఏకైకధనమగు రెక్కల కష్టమును పేదవారు బలవంతున కీయక నిలిపిరి. దొరకు వేరొక చోటు కలదు, రక్షించుటకు ప్రభుత్వము కలదు. మన వెలి యట్టిదియా?

ఆ మరుసటి యేట, 1881 డిసెంబరు 11వ తేదీని, రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు వితంతువివాహము జరిపింపగా పూర్వాచారపరులు వెలియనెడు శిక్షను చేపట్టిరి. ఒక బాలిక మరల సంసారము చేసికొనుటయే యపరాధమట! 2017లో పశ్చిమగోదావరి మండలమందలి గరగపర్రులో అంబేద్కరు విగ్రహవివాదము పిమ్మట దళితులకు పొలము పనులు నిలిపివేసిరి. భూమి గలవాడు పని యీయనిచో వానికి కలుగు నష్టము కొంత పైరు. భూమి లేనివానికి కలుగునది పస్తు. ఈ భేదము గుర్తించియే, షెడ్యూల్డు కులములవారిపైని, తెగలవారిపైని సాంఘిక, ఆర్థిక బహిష్కారము విధించుట నేరమని 2015 నాటి చట్టసవరణ శాసించినది.

ఐర్లండున గూడ నీ యాయుధ మొక్కొకప్పుడు నిరుపేదలమీదికే తిరిగినది. తిరిగినప్పుడు అదియు వెలియే. దేశము మారినంతమాత్రమున పాపము పుణ్యము కానేరదు.

కావున బహిష్కారమను మాట వినబడినచోట, “ఎవరు, ఎవరిని?” యని ముందుగా నడుగుడు. పీడితుడు పీడకునికి సహాయము మానినచో అది బాయ్‌కాటు. పీడకుడు పీడితుని కూడు మాన్పించినచో అది వెలి. రెంటికి నొకే పేరు పెట్టువాడు భాషకును ద్రోహియే, న్యాయమునకును ద్రోహియే.